మన ఎల్‌ఎల్‌బీతో న్యూయార్క్ బార్ పరీక్ష

హెచ్4 డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చిన మన లాయర్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "ఇక్కడ మళ్ళీ లా చదవాలా అక్కా?" చాలామందికి అక్కర్లేదమ్మా. రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్ళి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ గానీ ఐదేళ్ళ కోర్సు గానీ పూర్తి చేసినవాళ్ళలో ఎందరో ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) లేకుండానే న్యూయార్క్ బార్, అంటే లాయరు లైసెన్సు పరీక్ష, రాస్తున్నారు. దూరవిద్య డిగ్రీతో మాత్రం కుదరదు. పౌరసత్వం లేదని ఆపే వీలు లేదు, ఆ సంగతి 1973లోనే అమెరికా సుప్రీంకోర్టు గ్రిఫిత్స్ కేసులో తేల్చేసింది. ఉద్యోగం చేయాలంటే మాత్రం వర్క్ పర్మిట్ ఉండాల్సిందే.

కాబట్టి ఎల్‌ఎల్‌ఎంకి అప్పు చేసే ముందు, మీకు అర్హత ఉందో లేదో ఈ పరీక్ష పెట్టే న్యూయార్క్ బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్‌కి అప్లై చేసి తేల్చుకోండి. ట్రాన్స్‌క్రిప్టులు మీరు పంపితే తీసుకోరు. ఉస్మానియా అయినా ఆంధ్రా అయినా యూనివర్సిటీ నుంచే నేరుగా రావాలి. ఇంట్లోవాళ్ళు ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరగక తప్పదు, ఏడాది ముందే మొదలుపెట్టండి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ తేడా కూడా ఇప్పుడే సర్దుకోండి.

పరీక్ష రెండు రోజులు, ఫిబ్రవరి, జూలై నెలాఖర్లలో. 200 బిట్లు, ఆరు ఎస్సేలు, రెండు డ్రాఫ్టింగ్ పేపర్లు. 400కి 266 రావాలి.

మనవాళ్ళకి దెబ్బ తగిలేది తెలియని సబ్జెక్టుల్లో కాదు, తెలుసనుకున్నవాటిలో. పోలీసులు చట్టవిరుద్ధంగా సోదా చేసి పట్టుకున్న వస్తువు సాక్ష్యంగా చెల్లుతుందా? మనకి 1974 నాటి పూరన్ మల్ తీర్పు గుర్తొచ్చి, చెల్లుతుందని టిక్కు పెట్టేస్తాం. ఇక్కడ 1961 నాటి మాప్ కేసు నుంచీ సాధారణంగా చెల్లదు, మినహాయింపులు విడిగా నేర్చుకోవాలి. కాంట్రాక్టులూ అంతే. ఎప్పుడో చేసిన మేలుకి ఇప్పుడిచ్చిన మాటను మన 1872 చట్టం ఒప్పుకుంటుంది, ఇక్కడ మామూలుగా ఒప్పుకోరు. అందుకే ప్రాక్టీసులో తప్పిన ప్రతి బిట్టు పక్కనా "అక్కడ ఇలా, ఇక్కడ ఇలా" అని రాసుకోండి. కోచింగ్ వీడియోలు ఎన్ని చూసినా ఈ పని మీకోసం ఇంకెవరూ చేయరు.

ఎథిక్స్ పరీక్ష ఎంపీఆర్ఈ వేరేగా రాయాలి, 85 రావాలి. 50 గంటల ఉచిత న్యాయసేవ కూడా చేయాలి. 2028 జూలై నుంచి న్యూయార్క్ పైన చెప్పిన బార్ పరీక్ష బదులు కొత్త నెక్స్ట్‌జెన్ పరీక్షకి మారుతోంది. మీరు రాసేది ఏ పరీక్షో చూసుకున్నాకే సీనియర్ల దగ్గర పాత పుస్తకాలు కొనండి.