రిసీట్ చేతికొచ్చింది, మరి పని చేయొచ్చా?

సౌమ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే నీ ఐ-94 గడువు, అల్లుడి ఈఏడీ (పని అనుమతి) కార్డు గడువు ఒకే రోజున ముగుస్తున్నాయని మీ అమ్మ చెప్పింది. "అప్లికేషన్ పెండింగ్‌లో ఉంటే చాలట అక్కా, ఇద్దరూ ఉద్యోగాలు చేసుకోవచ్చట" అని కూడా అంది. నీ విషయంలో అది నిజమే, కొన్ని షరతులతో. అల్లుడి విషయంలో ఇప్పుడు నిజం కాదు. ఇక్కడ ఇన్నేళ్లుగా హెచ్ఆర్‌లో, ఉద్యోగికి పని అనుమతి ఉందో లేదో నమోదు చేసే ఐ-9 ఫారాలు చూస్తున్నాను కనుక, ఈ తేడా తెలియక బుద్ధిమంతులైన పిల్లలు ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా రాసి పంపుతున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

అమెరికాలో ఉండటానికి అనుమతి వేరు, పని చేయడానికి అనుమతి వేరు. గడువులోపు అప్లికేషన్ వేసినవాళ్లకు నిర్ణయం వచ్చేదాకా సాధారణంగా మొదటిది ఉంటుంది. రెండోది ఏదైనా రూల్ స్పష్టంగా ఇస్తేనే ఉంటుంది. కాబట్టి పెండింగ్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు. ఈరోజు నేను ఏ రూల్ కింద పని చేస్తున్నాను, అది ఏ తేదీ దాకా ఉంటుంది, ఎవరైనా అడిగితే చూపించడానికి ఏ కాగితం ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికితేనే పొద్దున్న లాప్‌టాప్ తెరవాలి.

ముందు ఐ-94 చూసుకో. పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు అయిపోయిందని కంగారుపడే పని లేదు, అది దేశంలోకి రావడానికే. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94. ఇండియా వెళ్లొచ్చిన ప్రతిసారీ కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో కొత్త ఐ-94 తీసి తేదీ చదవాలి. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఐ-94ను అక్కడికే కుదించి ఇస్తారు. చేతిలో ఐ-797, అంటే అప్రూవల్ నోటీసు, మీద ఇంకా రెండేళ్లు కనిపిస్తుంటుంది, అసలు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. నా దగ్గరకొచ్చిన కేసుల్లో నాకు ఎక్కువ బాధ కలిగించినవి ఇవే, ఎందుకంటే ఆ పిల్లలు తెలిసి చేసిన తప్పేమీ లేదు.

ఇక నీ సంగతి, అంటే కంపెనీ పిటిషన్ మీద వచ్చే హెచ్-1బి ఉద్యోగ వీసా సంగతి. నువ్వు పని చేస్తున్న కంపెనీయే, నీ ఐ-94 గడువు ముగిసేలోపు, ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తే, గడువు దాటాక కూడా అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేయొచ్చు. ఈ 240 రోజులు ఫైల్ చేసిన రోజు నుంచి కాదు, పాత గడువు ముగిసిన రోజు నుంచి లెక్క. ఈలోగా రిజెక్ట్ అయితే మిగిలిన రోజులతో పని లేదు, ఆ రోజే ఆపేయాలి. 240 రోజులూ అయిపోయి ఇంకా పెండింగ్‌లోనే ఉంటే కూడా పని ఆపాలి. అంతదాకా రానివ్వొద్దు. మామూలుగా ఫైల్ చేసిన కేసును మధ్యలో కూడా అదనపు ఫీజు కట్టి త్వరగా చూసే ప్రీమియం ప్రాసెసింగ్‌కి మార్చుకోవచ్చు. 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు, లేదా అదనపు ఆధారాలు అడుగుతారు. అలా అడిగితే మనం జవాబిచ్చాక లెక్క మళ్లీ మొదలవుతుంది. నన్నడిగితే నీ కేసును మొదటి నుంచే ప్రీమియంలో వేయించు. కారణం కింద చెప్తాను.

మీ ఆఫీసులో హెచ్ఆర్ అమ్మాయి కొత్తదని విన్నాను. రిసీట్ నోటీసు, అంటే ఐ-797సి, చూడగానే ఆమె భయపడొచ్చు. ఈ నోటీసు ఏ ఇమిగ్రేషన్ స్టేటస్‌నూ ఇవ్వదని దాని మీదే పెద్ద అక్షరాలతో ఉంటుంది. నిజమే, నోటీసు ఇవ్వదు, రూల్ ఇస్తుంది. యజమానుల కోసం యూఎస్‌సీఐఎస్ (ఈ అప్లికేషన్లు చూసే ప్రభుత్వ సంస్థ) ప్రచురించే ఎం-274 అనే హ్యాండ్‌బుక్‌లో హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ల గురించి వివరంగా ఉంటుంది. ఐ-9 ఫారంలోని అదనపు సమాచారం గడిలో 240 రోజుల ఎక్స్‌టెన్షన్ అని, పిటిషన్ పంపిన తేదీ వేసి రాయాలి. గడువుకు నెల ముందే ఆ పేజీ ఆమెకు పంపు. ఆఖరి రోజున పేరోల్ ఆగిపోయాక వాదించుకోవడం ఎందుకు? డ్రైవింగ్ లైసెన్సు కూడా ఐ-94తోనే ముడిపడి ఉంటుంది. రిసీట్ మీద ఎన్నాళ్లు పొడిగిస్తారో మీ రాష్ట్రం డీఎంవీలో, అంటే లైసెన్సులు ఇచ్చే ఆఫీసులో, ముందే కనుక్కో.

ఇప్పుడు అల్లుడి విషయం, ఇదే అసలైనది. ఒకప్పుడు హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే స్టేటస్) ఈఏడీ రెన్యువల్ టైముకి వేస్తే పాత కార్డుకు ఆటోమేటిక్‌గా 540 రోజుల దాకా పొడిగింపు వచ్చేది. 2025 అక్టోబరు 30న ఆ వెసులుబాటు తీసేశారు. అంతకు ముందు ఫైల్ చేసినవాళ్లకు అది పోలేదు. ఆ రోజు నుంచి ఫైల్ చేసేవాళ్లకు మాత్రం లేదు. కార్డు మీది తేదీ దాటిందంటే, రిసీట్ చేతిలో ఉన్నా, కొత్త కార్డు అప్రూవ్ అయ్యేదాకా పని చేయకూడదు. మీ చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది పాత రూల్ నాటి అనుభవమే చెబుతుంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కాలం మారింది.

అందుకని తేదీలు వెనక్కి లెక్క వేయండి. నీ హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ గడువుకు ఆరు నెలల ముందు నుంచి ఫైల్ చేయొచ్చు, ఈఏడీ రెన్యువల్ 180 రోజుల ముందు నుంచి. అల్లుడి ఈఏడీ ఆయన హెచ్-4 మీద, ఆ హెచ్-4 నీ హెచ్-1బి మీద ఆధారపడి ఉంటాయి. ప్రీమియం వేగం నీ పిటిషన్‌కే, ఆయన రెండు ఫారాలకూ అది లేదు. ఒక కోర్టు ఒప్పందం వల్ల 2023 నుంచి రెండేళ్లపాటు మూడింటినీ కలిపి చూసేవాళ్లు, అది 2025 జనవరితో ముగిసింది. ఇప్పటికీ కలిపి చూస్తే అదృష్టం, దాన్ని నమ్ముకుని ఇంటి లోను లెక్కలు వేసుకోకండి. నీది ముందు అప్రూవ్ అయితే ఆయన ఫైలు ఆగడానికి ఒక కారణం తగ్గుతుంది. ప్రీమియం అన్నది అందుకే. ఫైల్ చేసే వీలు మొదలైన మొదటి వారంలోనే మూడూ వెళ్లిపోవాలి. అలా వెళ్లాలంటే మేనేజరుకి, కంపెనీ లాయరుకి అంతకు రెండు నెలల ముందే మెయిల్ పెట్టాలి. కంపెనీలు తమంతట తాము తొందరపడవు, మర్యాదగానే వెంటపడాలి.

ఇంత చేసినా కార్డు రాకపోతే? అల్లుడు మేనేజరుతో ఇప్పుడే మాట్లాడి, గడువు దాటితే ఉద్యోగం తీసేయకుండా జీతం లేని సెలవులో ఉంచుతారేమో అడగాలి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఆ సెలవు నిజంగా సెలవులా ఉండాలి. మీటింగ్‌లో ఊరికే కూర్చుంటాననడం, టీమ్‌మేట్ కోడ్ చూసిపెట్టడం, తర్వాత జీతం సర్దుదామనుకోవడం, ఇవేవీ వద్దు. జీతం తీసుకోకపోతే పని కాదన్న మాట నమ్మకండి. డెలివరీ యాప్‌లు కూడా అంతే. ఇండియా కంపెనీకి ఇక్కడి ఇంట్లోంచి పని చేసి డబ్బు ఇండియా అకౌంట్లో వేయించుకుంటే ఫర్వాలేదని కొందరు అంటారు. కూర్చున్నది అమెరికాలో, కాబట్టి ఆ దారిలో వెళ్లొద్దనే నా గట్టి మాట. షేర్ల డివిడెండు, బ్యాంకు వడ్డీ లాంటివి పని కిందకు రావు, వాటికి భయం లేదు. మూడు నాలుగు నెలలు ఒక్క జీతంతో బతికేలా ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెట్టండి.

ఆయన ఇదివరకు హెచ్-1బిలో ఉండి, దానికి ఉండే ఆరేళ్ల పరిమితిలో ఇంకా కాలం మిగిలి ఉంటే, లాటరీ లేకుండానే మళ్లీ హెచ్-1బికి మారే అవకాశం ఉంటుంది. అది ప్రీమియంలో వేయొచ్చు. అయితే హెచ్-4 నుంచి మారేవాళ్లు రిసీట్‌తో పని మొదలుపెట్టకూడదు, అప్రూవ్ కావాలి.

కంపెనీ మారాలని నీకు ఉన్నట్టు అమ్మ అంది. హెచ్-1బిలో ఉన్నవాళ్లు కొత్త కంపెనీ పిటిషన్ ఫైల్ చేయగానే అక్కడ చేరే వీలు 2000లో వచ్చిన చట్టం ఇచ్చింది. అనధికారికంగా పని చేసి ఉండకూడదు, ఉన్న గడువులోపే ఫైల్ కావాలి. దీనికి 240 రోజుల పరిమితి లేదు. ఐ-94 ఇంకా ఏడాది ఉన్నప్పుడు ఇలా రిసీట్ మీద మారితే నాకు అభ్యంతరం లేదు. గడువు దగ్గరపడ్డాక మాత్రం ప్రీమియంలో అప్రూవల్ వచ్చేదాకా పాత కుర్చీలోంచి లేవకు. పాత ఐ-94 అయిపోయి, పెండింగ్ మీద పెండింగ్‌గా రెండు మూడు పిటిషన్లు నడుస్తుంటే, ఒకటి రిజెక్ట్ అయితే దాని మీద ఆధారపడ్డవన్నీ పడిపోతాయి.

అనుకోకుండా ఉద్యోగం పోతే 60 రోజుల గ్రేస్ ఉంటుంది, ఐ-94 అంతకంటే ముందే అయిపోతే అక్కడిదాకే. అవి ఉండటానికి ఇచ్చిన రోజులు, పని చేయడానికి కాదు. కొత్త కంపెనీ పిటిషన్ ఆ లోపు చేరాలి. ఆ సమయంలో టూరిస్టు వీసాకి మార్చమని వేస్తే ఉండటానికి వీలు దొరకొచ్చు, పని మాత్రం చేయకూడదు. ఇక్కడే కొన్ని కన్సల్టెన్సీలు వచ్చి, ప్రాజెక్టు లేకపోయినా పేరోల్ నడుపుతాం, డబ్బు నువ్వే కట్టు అంటాయి. దయచేసి వాళ్లకు ఫోన్ కూడా చేయొద్దు. అది మోసం. రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో పే స్లిప్పులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం వివరాల ఫారాలు), ట్యాక్స్ రిటర్నులు ముందు పెట్టి ప్రశ్నలు అడిగితే నోట మాట రాదు. నిజమైన హెచ్-1బి యజమాని ప్రాజెక్టు లేని రోజులకు కూడా జీతం ఇవ్వాలి, అది చట్టం. జీతం ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

అనుమతి లేకుండా 180 రోజుల దాకా పని చేసినా క్షమిస్తారని వాట్సాప్‌లో తిరిగే మాట ఒకటి ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు ఇక్కడే అప్లై చేసే దశలో అలాంటి సడలింపు చట్టంలో ఉన్నమాట నిజమే. అంతమాత్రాన ఆ పని సక్రమం అయిపోదు. రేపటి ఎక్స్‌టెన్షన్‌కి, స్టాంపింగ్‌కి ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

మీ తమ్ముడికి కూడా ఒక ముక్క చెప్పు. ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసేందుకు విద్యార్థులకు ఇచ్చే అనుమతి) ముగిసేలోపు స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్లకు ఇచ్చే పొడిగింపు) వేస్తే, పెండింగ్‌లో ఉండగా 180 రోజుల వరకు పని చేయొచ్చు. లాటరీలో పేరొచ్చి, ఓపీటీ నడుస్తుండగానే స్టేటస్ మార్పు కోరుతూ హెచ్-1బి ఫైల్ అయితే, ఓపీటీకీ హెచ్-1బికీ మధ్య ఖాళీని పూడ్చే క్యాప్-గ్యాప్ కింద ఇప్పుడు ఏప్రిల్ 1 దాకా పొడిగింపు ఉంటుంది, మునుపటిలా అక్టోబరు 1 దాకా కాదు. ఓపీటీ అయిపోయాక వచ్చే 60 రోజుల్లో ఫైల్ అయితే ఉండొచ్చు గానీ పని చేయకూడదు. కాలేజీ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దగ్గర కొత్త ఐ-20, అంటే విద్యార్థి స్టేటస్ పత్రం, తీసుకోమను. మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ రిక్వెస్టు వదులుకున్నట్టే. పైగా 2025 సెప్టెంబరు 21 నుంచి వేసిన పిటిషన్లలో, నిర్ణయం రాకముందే బయటికెళ్తే లక్ష డాలర్ల ఫీజు వర్తిస్తుందని యూఎస్‌సీఐఎస్ చెప్పింది. పెళ్లి చూపులైనా సరే వీడియో కాల్‌లో కానిమ్మను.

మీరిద్దరూ కూడా పెండింగ్‌లో ఉండగా ప్రయాణాలు పెట్టుకోవద్దు. తప్పనిసరైతే టికెట్ కొనేముందు లాయరును అడగండి. కంపెనీ లాయరు ముందు కంపెనీ మేలు చూస్తారు, అది సహజం. అనుమానం ఉంటే మీ డబ్బుతో వేరే ఇమిగ్రేషన్ లాయరు దగ్గర ఒక గంట తీసుకోండి, అది దండగ ఖర్చు కాదు.

ఈ ఆదివారంలోపు ఇద్దరి ఐ-94లు, నీ ఐ-797, అల్లుడి కార్డు రెండు వైపులా, పాస్‌పోర్టు మొదటి పేజీలు స్కాన్ చేసి పంపు. తేదీలన్నీ ఒక కాగితం మీద వేసి, ఎవరు ఏ రోజు దాకా పని చేయొచ్చో రాసి పంపుతాను. దాన్ని మీ లాయరుకు చూపించి సరిచూసుకోండి.

పెద్దమ్మ