టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగం ఎలా ఉంటుంది? ఫ్రెషర్‌గా చేరవచ్చా?

డిగ్రీ అవగానే కంప్యూటర్ టెక్నికల్ సపోర్ట్‌లో ఆఫర్ వచ్చిందని, రోజూ ఏం పని ఉంటుందో, చేరాలో వద్దో చెప్పమని అడిగారు. నేను మాదాపూర్‌లో కూర్చుని అమెరికా ఆస్పత్రుల సంస్థ ఒకదానికి సర్వీస్ డెస్క్‌లో కొన్నేళ్లు పనిచేశాను. చేరమనే చెబుతాను.

ముందు ఎల్1లో, అంటే కాల్స్ మొదట అందుకునే టీములో వేస్తారు. పాస్‌వర్డ్ మర్చిపోయారు, అకౌంట్ లాకైంది, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) కనెక్ట్ కావట్లేదు, ప్రింటర్ కదలట్లేదు, ఎక్కువగా ఇవే కాల్స్. సోమవారం క్యూ నిండిపోతుంది. ఇవి నేర్చుకోవడం కష్టమేమీ కాదు. అవతలి మనిషి మాట ఓపిగ్గా వినడమే అసలు పని. ఫోన్ చేసినవాళ్లు తమకు కనిపించింది చెబుతారు, కారణం మనమే రాబట్టాలి. "నిన్న పనిచేసిందా? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడిగితే సగం దారి దొరుకుతుంది. ఒకాయన అకౌంట్ అన్‌లాక్ చేసిన కాసేపటికే మళ్లీ లాకయ్యేది. ఆ లాక్ ఎవరు తీసినా అంతే. పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారని అడిగితే ముందురోజే అన్నారు. ఆయన జేబులోని ఫోన్‌లో ఆఫీసు మెయిల్ ఉంది, అందులో పాత పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయింది. అది తనంతట తాను లాగిన్ కావాలని చూస్తూ అకౌంట్‌ను లాక్ చేస్తోంది.

2024 జూలై 19 నేను ఎప్పటికీ మర్చిపోను. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర దగ్గర ఆగిపోయిన రోజది. సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి భాగాలతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే చాలు. కానీ కంప్యూటర్ ఆన్ కాకపోతే రిమోట్‌గా అందులోకి వెళ్లలేం. పైగా డిస్కులకు బిట్‌లాకర్ (డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉంది, ఒక్కో మెషీన్‌కు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఉన్న ఒకావిడ గొంతు వణుకుతోంది, ఎదురుగా పేషెంట్లు నిలబడి ఉన్నారు. ఆరేసి అంకెలు నేను చదవడం, ఆమె తిరిగి చదివి వినిపించడం, అలా ఎనిమిది సార్లు. విండోస్ లాగిన్ తెర వచ్చిందని చెబుతూ ఆవిడ ఏడ్చేశారు. ఇది చిన్న ఉద్యోగమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కష్టాలూ ఉన్నాయి. నైట్ షిఫ్ట్‌లో నిద్ర పాడవుతుంది. నవంబర్‌లో అక్కడ గడియారం వెనక్కి తిప్పితే మన షిఫ్ట్ గంట జరుగుతుంది, మార్చిలో మళ్లీ ముందుకొస్తుంది. దీపావళి రాత్రి కూడా డ్యూటీ పడవచ్చు. కాల్ ఎన్ని నిమిషాల్లో ముగించారన్న లెక్క మీదే మార్కులు వేసే టీముల్లో టెన్షన్ ఎక్కువ. ఆ లెక్క కోసం సమస్య తీరకుండానే టికెట్ (ఆ ఫిర్యాదు రికార్డు) మూసేయడం నాకు అస్సలు నచ్చదు. ఆ మనిషే మళ్లీ ఫోన్ చేసి మొదటినుంచి అంతా చెప్పుకోవాల్సి వస్తుంది. టికెట్‌లో మీరు ఏమేం చూశారో నోట్స్ వివరంగా రాయండి. ఎల్1లో తేలని సమస్యలు చూసే ఎల్2 వాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకునేది వాటిని చూసే. ఈలోగా యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు అకౌంట్లన్నీ ఉండే చోటు), నెట్‌వర్కింగ్, పవర్‌షెల్ (కమాండ్లతో విండోస్ పనులు చేయించే సాధనం) నేర్చుకుంటూ ఉండండి, ఎల్1లోనే ఏళ్లకేళ్లు ఉండిపోవద్దు.

చేరేముందు షిఫ్ట్, క్యాబ్, బాండ్ గురించి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే ఒప్పుకోకండి. ఇంకొకటి, కాల్స్ మీకు వస్తాయా, మీరే చేయాలా అన్నది తప్పక కనుక్కోండి. ముక్కూమొహం తెలియని విదేశీయులకు ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని చెప్పమంటే, ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన లోపాలు, సంఘటనలు రాసుకునే చిట్టా) ఎర్ర గుర్తులు చూపించి డబ్బు కట్టించమంటే అది పచ్చి మోసం. ఆ ఎర్ర గుర్తులు బాగున్న కంప్యూటర్లలో కూడా ఉంటాయి. జీతం ఎంత ఇస్తామన్నా అక్కడి నుంచి వచ్చేయండి, పోలీసులు వస్తే హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నవాళ్లను కూడా తీసుకెళ్తారు.