డేకేర్ ఫీజు మీ జీతంలోంచే ఎందుకు తీసేశారు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, మా పాపకు 14 నెలలు. ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. మెటర్నిటీ సెలవు అయ్యాక మళ్లీ చేరాను గానీ, నా జీతం 100 అనుకుంటే పాప డేకేర్‌కి 65, రాకపోకలకీ మిగతా వాటికీ 20 పోయి 15 మిగులుతోంది. మా ఆయన జీతం 140. "ఆ 15 కోసం ఇంత టెన్షన్ ఎందుకు, పాప బడికి వెళ్లేదాకా మానెయ్, తర్వాత చూసుకుందాం" అంటున్నారు. అత్తగారిదీ అదే మాట. లెక్క చూస్తే నిజమే అనిపిస్తుంది కానీ మనసు ఒప్పుకోవడం లేదు. లెక్క రాసిన కాగితం ఫోటో పంపుతున్నాను. ఏం చేయమంటారు? అన్నట్టు, మా సంస్థ నా పెన్షన్ ఖాతాలో కూడా డబ్బు వేస్తుంది.

జవాబు: మానకండి. కనీసం ఈ లెక్క చూసి మాత్రం మానకండి, ఎందుకంటే లెక్కే తప్పు.

మీ కాగితం చాలాసేపు చూశాను. ఎడమవైపు మీ జీతం, దాని కింద డేకేర్, బస్సు, ఆఫీసు బట్టలు, ఒక్కోదాని ముందూ మైనస్ గుర్తు, చివర గీత కొట్టి 15, ఆ 15 చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. కుడివైపు మీ ఆయన జీతం 140. దాని కింద ఖాళీ. ఆయన కూడా రోజూ ఆఫీసుకి వెళ్తారు కదా, ఆ ప్రయాణం ఖర్చేది? పాప ఇద్దరి పాప అయినప్పుడు డేకేర్ ఫీజు మొత్తం మీ వైపే ఎందుకు పడింది? నా దగ్గరకు వచ్చే దంపతుల్లో చాలామంది కాగితాలు ఇలాగే ఉంటాయి. చదువుకున్నవాళ్లే, ఒకరిమీద ఒకరికి ప్రేమ ఉన్నవాళ్లే, ఎవరూ కావాలని రాసింది కాదు. అయినా ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు కాగితం తిరగేసి మళ్లీ రాద్దాం. ఇంటి ఆదాయం 240. డేకేర్ 65 దాని మీద ఖర్చు, అంటే దాదాపు 27 శాతం. జీతాల నిష్పత్తిలో పంచితే మీ వాటా 27, ఆయన వాటా 38. అప్పుడు మీ జీతంలోంచి 27, మీ రాకపోకల 20 పోగా మిగిలేది 53. మీ ఇంటికి వచ్చే డబ్బు ఒక్క పైసా మారలేదు, నిజమే, కానీ "దీని ఉద్యోగం దండగ" అన్న మాట మాత్రం ఇక నిలబడదు.

అసలు విషయం ఇంకా ఉంది. మీ కాగితంలో అన్నిటికంటే పెద్ద వరుస లేనే లేదు. మీ సంస్థ పెన్షన్ ఖాతాలో డబ్బు వేస్తుందని ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ వాటా, వాళ్ల వాటా కలిపి నెలకు 20 అనుకుందాం. మీరు ఆరేళ్లు మానేస్తారనుకుందాం, అంటే 72 నెలలు. నెలకు 15 చొప్పున మిగిలేది 1,080 అయితే, పెన్షన్‌లో చేరేది వడ్డీ లేకుండానే 1,440. "ఏమీ మిగలడం లేదు" అనుకుంటున్న రోజుల్లోనే, మిగిలిందనుకున్న దానికంటే ఎక్కువ డబ్బు మీ పేరు మీద చేరుతోందన్నమాట. మానేస్తే అది ఆగిపోతుంది.

తర్వాత జీతం. ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే ఈ 100 ఆరేళ్లకు సుమారు 159 అవుతుంది. ఆరేళ్లు మానేసి వచ్చినవాళ్లకు పాత జీతం ఇచ్చి తీసుకోవడమే గొప్ప. నెలకు 59 తేడా, రెండేళ్లు తిరిగేసరికి 1,400 దాటుతుంది, ఆ తర్వాత కూడా మీకు దాదాపు ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటుంది. డేకేర్ ఫీజు అలా కాదు, మొదటి మూడు నాలుగేళ్లే బరువు, పిల్లలు బడిలో పడ్డాక తగ్గుతుంది. తాత్కాలికమైన ఖర్చుకు భయపడి శాశ్వతమైన ఆదాయాన్ని వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

ఇది మీ ఒక్కరి కథ కాదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో 200 ఏళ్ల రికార్డులు తవ్వి, ఆడవాళ్ల సంపాదనకూ మగవాళ్ల సంపాదనకూ ఇప్పుడు మిగిలిన తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టాక మొదలవుతుందని చూపించారు. ఆర్థికవేత్త హెన్రిక్ క్లెవెన్, ఆయన సహచరులు 134 దేశాల సమాచారం పోగుచేసి చూస్తే, ఆదాయం తక్కువ ఉన్న దేశాల్లో పెళ్లి దగ్గరే చాలామంది పని వదిలేస్తున్నారు, దేశం ఎదిగే కొద్దీ ఆ ఆగిపోయే చోటు పెళ్లి నుంచి పిల్లల దగ్గరికి జరుగుతోంది. అమ్మాయిని చదివించాం, ఉద్యోగం వచ్చింది, ఇక ఫరవాలేదు అని కుటుంబాలు ఊపిరి పీల్చుకునే వేళకే ఈ మలుపు వస్తుంది. ఆ మలుపులో సాయం దొరికితే ఏమవుతుందో కూడా తెలుసు. కెన్యా రాజధాని నైరోబీలోని కొరొగోచో మురికివాడలో పరిశోధకులు కొందరు తల్లులకు డేకేర్ ఫీజు కట్టి చూశారు, ఆ సాయం అందని వాళ్లకంటే వీళ్లలో పనిచేసే తల్లులు ఎక్కువయ్యారు. పని చేయాలన్న కోరిక అంతకుముందూ ఉంది, బిడ్డను ఎక్కడ వదలాలన్నదే సమస్య.

మీ జీతం ఏ ఖాతాలో పడుతోందో మీరు రాయలేదు. ఇంట్లో అందరూ వాడే జాయింట్ ఖాతా అయితే ఈ నెలలోనే మార్చండి. ఇది ఆయన మీద అనుమానంతో చెబుతున్న మాట కాదు. పశ్చిమ కెన్యాలో పాస్కలీన్ డుపా, జొనాథన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు బజార్లో అమ్ముకునే ఆడవాళ్లకు పొదుపు ఖాతాలు తెరిపించారు. వడ్డీ లేదు, పైగా డబ్బు తీస్తే రుసుము. అయినా చాలామంది వాడారు, వ్యాపారంలో పెట్టుబడి పెంచుకున్నారు. చేతిలో ఉన్న డబ్బుకు అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, మీ పేరున విడిగా ఉన్న డబ్బు నిలుస్తుంది. మధ్యప్రదేశ్ ఉత్తర జిల్లాల్లో రోహిణీ పాండే, ఎరికా ఫీల్డ్ తదితర ఆర్థికవేత్తలు ఉపాధి హామీ కూలి డబ్బును ఆడవాళ్ల సొంత ఖాతాల్లోకే వేయించి, ఖాతా ఎలా వాడాలో కాస్త నేర్పించారు. ఆ ఆడవాళ్లు ఉపాధి పనికే కాదు, బయటి పనులకూ ఎక్కువగా వెళ్లారు. డబ్బు ఎవరి పేరున పడుతుందన్నది అంత చిన్న విషయం కాదు.

మానడమే సరైన సందర్భాలు ఉండవా అంటే ఉంటాయి. బిడ్డకు ఆరోగ్యం బాగోలేకపోతే, మీ ఒంట్లో శక్తి లేకపోతే, ఆ ఉద్యోగంలో ఎదుగుదలే లేకపోతే మానడంలో తప్పేమీ లేదు. కానీ మీరు అవేవీ రాయలేదు. కాబట్టి ముందు సగం దారులు చూడండి: కొన్నాళ్లు జీతం లేని సెలవు, తక్కువ గంటల పని, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. ఇవే మీ ఆయన ఆఫీసులో కూడా ఆయన అడగాలి. సాయంత్రం ఆయన గంట ముందు రాగలిగితే డేకేర్‌లో ఆ గంట ఫీజు తగ్గొచ్చు, అడిగి చూడండి. ఏదైనా నెల 15 కూడా మిగలకపోతే పొదుపులోంచి తీసి సర్దుకోండి, అప్పు మాత్రం చేయకండి.

అన్నీ చూశాక కూడా మానాలనే ఇద్దరూ అనుకుంటే, రాజీనామా ఇవ్వకముందే మూడు సంగతులు కాగితం మీద పెట్టుకోండి. మీ పెన్షన్ ఖాతాలో మీరు ఇన్నాళ్లూ వేసుకున్న వాటాను ఆ ఏళ్లన్నీ ఆయన జీతంలోంచి వేయాలి, రూల్స్ ఒప్పుకోకపోతే మీ పేరున వేరే ఖాతాలో వేయాలి. మళ్లీ చేరే నెల, సంవత్సరం రాసుకోవాలి, "తర్వాత చూసుకుందాం" అని కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి, ఎందుకంటే మీరు మానాక ఇల్లు ఒక్క జీతం మీద నడుస్తుంది. ఏడేళ్లు మానేసి వచ్చిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, పాత ఆఫీసు ఐడీ కార్డు పర్సులోంచి తీసి చూపించారు. ఫోటో మీద ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగింది. "తొలి ఏడాదే మళ్లీ చేరిపోదామనుకున్నానండీ" అన్నారు. అలా అనుకునేవాళ్లలో చాలామంది చేరలేకపోతారు, ఎందుకంటే తేదీ రాసుకోరు.

పాప సంగతి కూడా ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో, రిజర్వేషన్ వల్ల రెండు విడతలు ఆడవాళ్లే ప్రధాన్‌లుగా (మన సర్పంచ్‌ల్లాంటి వాళ్లు) ఉన్న ఊళ్లలో కూతుళ్ల చదువు మీద తల్లిదండ్రుల ఆశలు పెరిగాయి, ఆడపిల్లల చదువు మగపిల్లలతో సమానమైంది, ఇంటి పనికి వాళ్లు పెట్టే సమయం తగ్గింది. ఎదురుగా ఒక ఆడమనిషి బాధ్యత మోస్తూ కనిపిస్తే పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ పాప ఇంట్లో రోజూ చూసేది మిమ్మల్నే.

ఈ ఆదివారం మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త కాగితం రాయండి. రెండు వైపులా ఖర్చులు ఉండాలి, రెండు పెన్షన్ ఖాతాలూ ఉండాలి, జీతం లేని సెలవు గురించి ఆఫీసు వాళ్లు ఏమన్నారో కింద రాయాలి. ఆ ఫోటో నాకు పంపండి, మిగతాది దాన్ని చూసి మాట్లాడుకుందాం.