లష్కర్‌లో ఇల్లు చూసుకునే ముందు

చిరంజీవి బుజ్జమ్మకి పెద్దనాన్న ఆశీస్సులు.

ఇల్లు సికింద్రాబాద్‌లో తీసుకోవాలా, కొండాపూర్‌లోనా అని మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, రాస్తేనే కుదురుగా చెప్పగలను అనిపించింది. నీకేమో సికింద్రాబాద్‌లోని రైల్వే హెడ్డాఫీసు రైల్ నిలయంలో పోస్టింగు, అల్లుడికేమో ఊరికి ఆ చివర, కొండాపూర్ వైపు రాయదుర్గంలో ఆఫీసు. "సికింద్రాబాద్‌లో ఏముంది, రిటైరైనవాళ్ళ ఊరు, హాయిగా కొండాపూర్‌లో తీసుకోండి" అని అందరూ అంటున్నారన్నావు. ఆ అన్నవాళ్ళలో సికింద్రాబాద్‌లో ఒక్క ఏడాదైనా కాపురం ఉన్నవాళ్ళు ఎంతమందో ముందు కనుక్కో.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నా. 1989లో గుంతకల్లు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినప్పుడు మా బంధువు ఒకాయన "అది మిలిటరీవాళ్ళ ఊరమ్మా, మనవాళ్ళెవరూ ఉండరు" అని మీ పెద్దమ్మని భయపెట్టాడు. హిమాయత్‌నగర్‌లో అద్దెకి దిగాం. రెండేళ్ళు రోజూ ట్యాంక్‌బండ్ దాటి ఆఫీసుకి వెళ్ళడం, బస్సులో వేలాడుతూ తిరిగి రావడం. ఇంటికి చేరేసరికి మీ అన్నయ్య నిద్రపోయేవాడు. సికింద్రాబాద్‌లోని పద్మారావునగర్‌కి మారాక గానీ ఎంత పోగొట్టుకున్నామో తెలియలేదు. సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండేవాణ్ణి. పక్కింట్లో తమిళులు, ఎదురింట్లో గుంటూరువాళ్ళు, రెండిళ్ళ అవతల రైల్వేలోనే పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబం. మనవాళ్ళెవరూ లేరన్న ఊళ్ళో అందరూ ఉన్నారు.

పెద్ద ఊరి పక్కనున్న ఊరికి ఇదే కష్టం తల్లీ. దాని పేరు దాని చేతిలో ఉండదు. రైల్వే పుణ్యమా అని ఇలాంటి ఊళ్ళు ఇంకో రెండు చూశాను. హౌరా స్టేషన్లో దిగినవాళ్ళు నేరుగా వంతెన ఎక్కి కలకత్తా వెళ్ళిపోతారు. దిగిన ఊరు హౌరా అని, ఒకప్పుడు ఇనప పోత కార్ఖానాలతో, జనపనార మిల్లులతో బతికిన ఊరని ఎవరికీ పట్టదు. 1787లో పెట్టిన బొటానికల్ గార్డెన్, అందులో ఊడలతోనే తోపులా పరుచుకున్న ఆ మహా మర్రిచెట్టు, అన్నీ ఉన్నది హౌరా వైపు శివపూర్‌లో. చూసొచ్చినవాళ్ళు మాత్రం కలకత్తాలో చూశామంటారు. ఠాణే సంగతీ అంతే. 1853లో మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు బొంబాయి నుంచి బయల్దేరి వెళ్ళింది ఆ ఊరికే. ఊరి నిండా చెరువులు. అయినా బొంబాయివాళ్ళకి అది అద్దె తక్కువని వెళ్ళే చోటు, అంతే.

మన సికింద్రాబాద్‌కీ అదే జరిగింది. ప్యారడైజ్‌లో తిని "హైదరాబాద్ బిర్యానీ తిన్నాం" అంటారు. ఆ హోటలు 1953లో మొదలైంది సికింద్రాబాద్‌లో. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడి బేగంపేటలో, మిలిటరీ ఆసుపత్రిలో పనిచేస్తూ. 1902లో నోబెల్ వచ్చింది ఆ పనికే. అంత చరిత్ర ఉన్న ఊరిని పెన్షనర్ల ఊరు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఈ ఊరి తత్వం వేరు. హైదరాబాద్‌ని కట్టించింది కుతుబ్‌షాహీ సుల్తానులు. ఇది దండు దిగిన చోటు. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందం తర్వాత ఇంగ్లీషువాళ్ళ సైన్యం హుస్సేన్‌సాగర్‌కి ఇవతల గుడారాలు వేసింది. 1806లో ఈ చోటికి నిజాం సికందర్ జా పేరే పెట్టారు. మద్రాసు వైపు నుంచి పటాలాలతోపాటు సరుకులు సరఫరా చేసే మొదలియార్లు వచ్చారు. తర్వాత పార్సీలు, గుజరాతీలు, మార్వాడీలు, 1874లో రైలు వచ్చాక రైల్వేవాళ్ళు. అందుకే పాతవాళ్ళు ఈ ఊరిని ఇప్పటికీ లష్కర్, అంటే దండు, అంటారు. రెజిమెంటల్ బజార్, పికెట్, కార్ఖానా, ఈ పేర్లన్నీ దండు వదిలిపెట్టినవే. ఎం.జి. రోడ్డు పాత పేరు జేమ్స్ స్ట్రీట్. బోర్డుల మీద పోయినా అక్కడి ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ పేరులో మిగిలింది. 1960లో రెండు కార్పొరేషన్లనీ కలిపేశారు గానీ, మా వీధిలో పెద్దవాళ్ళు ఇవాళ్టికీ కోఠీకి బయల్దేరితే "హైదరాబాద్ వెళ్ళొస్తా" అనే అంటారు.

ఉజ్జయిని మహంకాళి గుడి కథా దండుదే. 1813లో ఇక్కడ కలరా వచ్చి జనం చనిపోతుంటే, ఉజ్జయినిలో పటాలంతో ఉన్న సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఆయన, ఊరు చల్లబడితే గుడి కడతానని మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి అమ్మవారిని నిలిపాడని చెబుతారు. ఆషాఢంలో గోల్కొండ తర్వాత ఇక్కడి బోనాలు, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజావి. మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒకామె అమ్మవారి మాటగా భవిష్యవాణి చెబుతుంటే ఆ వీధులన్నీ ఊపిరి బిగబట్టి వింటాయి. ఆ రెండు రోజులు మాత్రం బండి బయటికి తియ్యకు.

ఇక ఇల్లు. బ్రోకర్ చూపించే వేళకి వెళ్ళొద్దు. మూడుసార్లు వెళ్ళు: పొద్దున ఆరున్నరకి, సాయంత్రం ఆరున్నరకి, రాత్రి పదింటికి. పొద్దున వెళ్తే ఆ వీధిలో ఎవరుంటారో తెలుస్తుంది. సాయంత్రం వెళ్తే స్టేషన్ చుట్టుపక్కల ట్రాఫిక్ ఎంత నరకమో తెలుస్తుంది. ఆ మాట నేను దాచను, నిజంగానే నరకం. రాత్రి వెళ్తే వీధి దీపాలు, కుక్కలు, నడుచుకుంటూ వచ్చే ఆడపిల్లలు ఉన్నారా లేదా, అన్నీ కనపడతాయి.

ఆ ఇల్లు కార్పొరేషన్ కింద ఉందా, కంటోన్మెంట్ బోర్డు కింద ఉందా అన్నది ముందే అడుగు. బోయిన్‌పల్లి పేరు ఒకటే అయినా కొంత వీళ్ళది, కొంత వాళ్ళది. కంటోన్మెంట్‌లో చెట్లు, గాలి, నిశ్శబ్దం బాగుంటాయి. కానీ మిలిటరీవాళ్ళు కొన్ని రోడ్లు మూసేస్తే కిలోమీటరు దూరం మూడవుతుంది. ఇల్లు మార్చుకోవాలన్నా, ఒక గది వేసుకోవాలన్నా అక్కడి నిబంధనలు వేరు. నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో ఓనర్ని అడక్కు, కింది వాటాలో ఆవిణ్ణి అడుగు. వీలైతే వాళ్ళ డ్రమ్ములు ఎన్నున్నాయో చూడు, అదే చెప్పేస్తుంది.

నన్నడిగితే మెట్టుగూడ చూడమంటాను. నీకు ఆఫీసు నడిచిపోయే దూరం. అల్లుడు అక్కడే మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా మారాల్సిన పని లేదు, ఒకటే బ్లూ లైను. కొండాపూర్‌లో ఉంటే రోజూ నువ్వు ఊరు దాటాలి. ఇక్కడుంటే అతను దాటాలి, కానీ ఏసీ రైల్లో కూర్చుని దాటతాడు. నిజమే, ఇక్కడ గేటెడ్ కమ్యూనిటీలు, స్విమ్మింగ్ పూల్స్ తక్కువ. పాత బిల్డింగుల్లో లిఫ్ట్ ఉండదు, కారు పెట్టుకునే చోటుండదు. అతనికి అవి ముఖ్యమైతే మనసులో పెట్టుకోకుండా ఇప్పుడే చెప్పమను. ఏడాది తర్వాత "నీకోసం వచ్చాను" అనే మాట మీ ఇద్దరి మధ్యకి రాకూడదు.

సంతకం పెట్టే ముందు ఒక్కసారి మోండా మార్కెట్ చూడు. పొద్దున్నే కొత్తిమీర మూటలు విప్పుతుంటే సందంతా ఆ వాసనే. అక్కడ కరివేపాకు అమ్మే ఒకామె పక్కనామెతో తమిళం, హోటలు కుర్రాడితో హిందీ, మీ పెద్దమ్మతో తెలుగు మాట్లాడుతుంది. మూడింట్లోనూ బేరం ఒకటే, రూపాయి తగ్గదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ సందు నీకు చిరాకనిపిస్తే కొండాపూర్ వెళ్ళిపో, నేనేమీ అనుకోను.

వచ్చే ఆదివారం ఇద్దరూ పొద్దున ఆరున్నరకల్లా క్లాక్ టవర్ దగ్గరికి రండి. నేను అక్కడే పార్కులో ఉంటాను. మార్కెట్ చూసి, మెట్టుగూడ దాకా వెళ్ళి, టిఫిన్‌కి ఇంటికొద్దాం. చేతిసంచి మర్చిపోకు, మీ పెద్దమ్మ చిక్కుడుకాయలు తెమ్మంది.

మీ పెద్దనాన్న