ఇద్దరు ఎంపీల ఓట్లను పోల్చడం ఎలా?

ప్రశ్న: మా ఎంపీ, పక్క నియోజకవర్గం ఎంపీ లోక్‌సభలో బిల్లులపై ఎలా ఓటేశారో పోల్చి చూడాలి. ఆ వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనడంతోనే గట్టెక్కుతాయి. అప్పుడు ఎవరు ఎటు వేశారో నమోదు కాదు. డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటునూ లెక్కించే పద్ధతి జరిగితేనే పేర్లు మిగులుతాయి. రాజ్యాంగ సవరణలకు అది తప్పనిసరి కనుక వాటితో మొదలుపెట్టండి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అనుకూలం, ఇద్దరే వ్యతిరేకం. ఆ ఇద్దరిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరు.

లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆ రోజు చర్చల పూర్తి పాఠం తెరిచి డివిజన్ జాబితా వెతకండి. తేదీ దగ్గర జాగ్రత్త: 288–232తో నెగ్గిన వక్ఫ్ బిల్లుపై ఓటింగ్ అర్ధరాత్రి దాటాక జరిగినా, అది 2025 ఏప్రిల్ 2న మొదలైన సమావేశంలోదే. చీటీల ద్వారా వేసిన, సరిదిద్దిన ఓట్ల గమనికలూ చదవండి. పేరు కనిపించకపోతే తటస్థమని రాసుకోవద్దు, గైర్హాజరై ఉండొచ్చు.

ఇద్దరిదీ ఒకే పార్టీ అయితే ఈ శ్రమ దాదాపు దండగే. విప్ (ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు మరి! అలాంటప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు, ప్రభుత్వం తరఫున కాక సొంతంగా పెట్టిన ప్రైవేటు బిల్లులు చూడడం నయం.