ఆటల మాస్టారు: షోగన్ 2 ఆడేవాళ్ల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం 'టోటల్ వార్: షోగన్ 2' గురించే. 2011లో వచ్చిన కంప్యూటర్ ఆట ఇది. 1545 నాటి జపాన్‌లో ఒక వంశానికి పెద్దగా, అంటే దైమ్యోగా, మొదలుపెట్టి రాజధాని క్యోటో దాకా గెలుచుకుంటూ పోవాలి. ఒక్కో టర్న్ ఒక్కో రుతువు. చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ఆట అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

మాస్టారూ, చొసొకాబె వంశంతో ఆడుతున్నాను. షికోకు దీవి మొత్తం గెలిచి పెద్ద దీవిలో అడుగుపెట్టాను. ఎవరికిచ్చిన మాటా తప్పలేదు. అయినా షోగన్ (చక్రవర్తి పేరుమీద దేశాన్ని నడిపే సైనిక పాలకుడు) నన్ను శత్రువుగా ప్రకటించాడు. తర్వాత మిత్రులు కూడా ఒక్కొక్కరే యుద్ధానికి దిగారు. నేను చేసిన తప్పేమిటి? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

మీ తప్పేమీ లేదు. దీన్ని ఆటలో రెల్మ్ డివైడ్ అంటారు. మీరు రాజ్యాలు గెలిచేకొద్దీ మీ కీర్తి పెరుగుతుంది. అది నిండిన రోజున షోగన్‌కి మీరంటే భయం పుడుతుంది. అక్కడి నుంచి మిగతా వంశాలకి మీ మీదున్న అభిమానం ప్రతి టర్న్‌కీ కొంత తగ్గుతూ పోతుంది. పాత స్నేహం బలంగా ఉన్నవాళ్లు నాలుగు రోజులు ఎక్కువ ఆగుతారు, అంతే.

చాలామంది దీన్ని అన్యాయం అంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ కాలపు అసలు దైమ్యో ఓడా నొబునాగాకి జరిగింది ఇదే. 1568లో అషికాగా యొషియాకిని వెంటబెట్టుకుని క్యోటోలో ప్రవేశించి షోగన్‌ని చేసింది నొబునాగానే. ఆ యొషియాకే తర్వాత అసకురా, అజాయి, తకెదా వంశాలని, ఇషియామా హొంగాంజి మఠాన్ని నొబునాగా మీదకి ఉసిగొల్పాడు. నాలుగు వైపులా శత్రువులే! అప్పుడు నొబునాగా అందరితో ఒకేసారి తలపడలేదు. 1570 చివర్లో చక్రవర్తి, షోగన్‌ల మధ్యవర్తిత్వంతో అజాయి, అసకురాలతో సంధి చేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. 1573లో తకెదా షింగెన్ చనిపోయాక అదే ఏడాది ఆ రెండు వంశాలనీ తుడిచిపెట్టాడు, యొషియాకిని క్యోటో నుంచి వెళ్లగొట్టాడు.

మీరూ అదే దారి పట్టండి. కీర్తి నిండడానికి కాస్త ముందే ఆగండి. ఇంకో రాజ్యం చేతికందేలా కనిపించినా వదిలేయండి, ఇది అందరికీ కష్టంగానే ఉంటుంది. ఆ వ్యవధిలో ఖజానా నింపండి, సరిహద్దు కోటలు గట్టిచేయండి. మ్యాప్ అంచున సముద్రంలో పట్టు, అగరు లాంటి సరుకుల కేంద్రాలు ఉంటాయి, అక్కడికి వర్తక ఓడలు పంపి ముందే పట్టుకోండి. ఇక రెల్మ్ డివైడ్ వచ్చేనాటికి మీ సరిహద్దు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మీకైతే షికోకు చుట్టూ సముద్రమే ఉంది. పడవల దళం ఒకటి గట్టిగా ఉంటే వెనక భయం ఉండదు, సైన్యమంతా ఒకే వైపు నడపొచ్చు.

పక్క వంశంతో వియ్యం అందుకున్నాను. ఇక ఆ వైపు కోటల్లో సైన్యం తీసేయొచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

వద్దమ్మా. నొబునాగా తన చెల్లెలు ఓఇచిని అజాయి నాగమాసాకి ఇచ్చి పెళ్లి చేశాడు. 1570లో నొబునాగా అసకురా మీదకి వెళ్లగానే ఆ బావమరిది వెనక నుంచి దెబ్బకొట్టాడు. అజాయి, అసకురా వంశాలది అంతకుముందు నుంచీ ఉన్న స్నేహం మరి. కాబట్టి పెళ్లి కుదిర్చేముందు వియ్యంకుడికి ఎవరితో దోస్తీ ఉందో, ఎవరితో పగ ఉందో రాయబారాల తెరలో చూడండి. ఇద్దరికీ ఒకే శత్రువు ఉన్నంతకాలం ఆ బంధం బాగా నిలుస్తుంది. మీరు మాత్రం ఒప్పందం తెంచకండి. దైమ్యో గౌరవం పడిపోతుంది, దాంతో మీ సేనాపతుల విశ్వాసమూ సడలుతుంది.

సార్, 20 దళాల సైన్యంలో దాదాపు అన్నీ కటానా (కత్తి) సమురాయ్‌లే పెట్టాను. ఎంత ఖర్చయిందో! అయినా చవకరకం బల్లెం సిపాయిల చేతిలో ఓడిపోయాను. టెన్షన్‌తో సేవ్ ఫైల్ కూడా తెరవాలనిపించడం లేదు. (హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

ఆ సేవ్ ఫైల్ తప్పకుండా తెరవండి, ఆ యుద్ధం గెలవొచ్చు. కటానా వీరులు ఎదురుగా దొరికిన కాల్బలాన్ని నరికేస్తారు, నిజమే. కానీ దూరం నుంచి బాణాలు పడుతుంటే, పక్క నుంచి గుర్రాలు వస్తే వాళ్లకి గండమే. సగం మందిని తగ్గించి విల్లు అశిగారు, యారి అశిగారు చేర్చండి. అశిగారు అంటే మామూలు కాలి సిపాయి, యారి అంటే బల్లెం.

కొండ మీద చోటు చూసుకోండి. విలుకాళ్లని ముందు నిలిపి, శత్రువు దగ్గరికి రాగానే వెనక్కి తీయండి. అప్పుడు యారి అశిగారుకి బల్లేల గోడ ఆజ్ఞ ఇవ్వండి. ఎదురుగా వచ్చిన గుర్రాలు దాని మీద పడి చస్తాయి. ఆ గోడకి పక్కలు, వెనక బలహీనం, అందుకే రెండు చివర్లా కటానా వీరులుండాలి. అడవి ఉంటే గుర్రపు దళాన్ని అందులో దాచండి. శత్రువు మొత్తం మీ వరుసతో చిక్కుపడ్డాకే వెనక నుంచి వదలండి. ప్రాణాలకన్నా ముందు ధైర్యం పోతుంది ఈ ఆటలో, వెనక దెబ్బ తగిలితే ఇంకా బతికున్న దళాలు కూడా పారిపోతాయి. పారిపోయేవాళ్లని వదలకుండా తరమండి, లేకపోతే తేరుకుని తిరిగొస్తారు. మీ సేనాపతి వరుస వెనకే ఉండాలి, ఆయన పడిపోతే మీవాళ్ల ధైర్యమే పోతుంది.

తుపాకులు వచ్చాక కూడా చోటే ముఖ్యం. వాటి దెబ్బ అందే దూరం విల్లుకన్నా తక్కువ, ముందు ఎవరూ అడ్డుండకూడదు. 1575లో నాగషినో దగ్గర నొబునాగా, ఆయన మిత్రుడు తొకుగవా ఇయెయాసు తుపాకులవాళ్లని కర్రల కంచె వెనక నిలిపి తకెదా కత్సుయొరిని దెబ్బతీశారు.

మాస్టారూ, సెలవుల్లో మొదటిసారి ఆడబోతున్నాను. ఏ వంశం తీసుకోను? (పదో తరగతి అమ్మాయి, నెల్లూరు)

చొసొకాబె గాని, క్యూషు దీవి దక్షిణాన ఉన్న షిమాజు గాని తీసుకో తల్లీ. రెండూ మ్యాప్‌లో ఓ మూల ఉంటాయి కాబట్టి అన్ని వైపుల నుంచీ దాడి రాదు. ఓడా వద్దు, వాళ్లు దేశం నడుమ ఉంటారు. మొదటి టర్న్‌లోనే, కనిపించిన ప్రతి వంశాన్నీ వర్తక ఒప్పందం అడుగు. ఒప్పుకోకపోతే రెండు మూడు టర్న్‌లు ఆగి కొంచెం డబ్బు కలిపి మళ్లీ అడుగు.