పాలిమర్లలో అణువుల అమరికపై పరిశోధన: ఫిజిక్సా, కెమిస్ట్రీయా?

ప్రశ్న: మేము ఉప్పల్‌లో ఉంటాం. మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ చివరి ఏడాది చదువుతోంది. పాలిమర్ (గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న ప్లాస్టిక్ వంటి పదార్థం) పొరలో అణువులను ఒకే దిక్కుకు తిప్పి నాన్‌లీనియర్ ఆప్టిక్స్‌కు, అంటే కాంతి రంగును మార్చడం వంటి పనులకు, వాడే విధానం గురించి ఒక సెమినార్‌లో విని, అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎమ్మెస్సీలో ఫిజిక్స్ తీసుకోవాలా, కెమిస్ట్రీయా? ఉపాధి ఉంటుందా?

జవాబు: ముందుగా ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను, మీ రెండు సందేహాలకూ జవాబు అందులోనే ఉంది. డిస్పర్స్ రెడ్ 1 అనే అద్దకపు రంగు అణువుకు ఒక కొసన ఎలక్ట్రాన్లను ఇచ్చే భాగం, మరో కొసన లాక్కునే భాగం ఉంటాయి. దాన్ని పీఎంఎంఏ అనే పాలిమర్‌లో కలిపి గాజు పలక మీద పల్చని ఎర్రటి పొరగా పరిస్తే, అణువులు తలో దిక్కుకు తిరిగి ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి కొట్టివేస్తాయి. అందుకే పొరను పాలిమర్ మెత్తబడేదాకా వేడిచేసి, పైన అమర్చిన సూదికి కొన్ని వేల వోల్టులు ఇచ్చి, అణువులు విద్యుత్ క్షేత్రం వెంట మళ్లాక, వోల్టేజీ తీయకుండానే చల్లారుస్తారు. దీన్నే పోలింగ్ అంటారు. తోడు పెట్టిన పాలు పేరుకునేదాకా గిన్నె కదపకూడదన్నట్టే, పొర గట్టిపడకముందే వోల్టేజీ ఆపితే ఆ పూట శ్రమంతా వృథా. తరువాత 1064 నానోమీటర్ల పరారుణ లేజర్‌ను పంపితే 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి రావాలి. అదీ పొరను కొంత వాల్చితేనే వస్తుంది, కిరణానికి ఎదురుగా సూటిగా నిలబెడితే రాదు.

ఈ రంగాన్ని చాలాకాలంగా వేధిస్తున్న చిక్కు వేరే ఉంది. వరుసలో నిలిచిన అణువులు రోజులు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ మళ్లీ చెదిరిపోతాయి. ఫైబర్ కేబుళ్లలో విద్యుత్ సంకేతాన్ని కాంతి మీదికి ఎక్కించే మాడ్యులేటర్లలో లిథియం నియోబేట్ స్ఫటికం స్థిరపడిపోవడానికి ఇదొక కారణం. చెదరకుండా ఉండాలంటే రంగు అణువును పాలిమర్ గొలుసుకే కట్టివేయాలి, లేదా ఎక్కువ వేడికి గాని మెత్తబడని పాలిమర్‌ను ఎంచుకోవాలి. అంటే అసలు సమస్య సగానికి పైగా రసాయనశాస్త్రంలోనే ఉంది.

కాబట్టి ఫ్లాస్కు ముందు గంటలు గడపడం మీ అమ్మాయికి ఇష్టమైతే నేను కెమిస్ట్రీ వైపే మొగ్గుతాను. ఆర్గానిక్ సింథసిస్ (కార్బన్ సమ్మేళనాల తయారీ) చేతికి వచ్చినవారిని హైదరాబాద్ ఫార్మా కంపెనీలు తీసుకుంటాయి. పరిశోధనాంశం మధ్యలో మారినా తిండికి లోటుండదు. అద్దాలు సర్దడం, కొలతలు తీయడం నచ్చితే ఫిజిక్స్ మంచిది. ఇక్కడి డీఆర్‌డీవో ప్రయోగశాలల్లో లేజర్లపై పనిచేసే చెస్ (సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్) ఒకటి. నానోటెక్నాలజీ అంటూ ఆకర్షణీయమైన పేరున్న ఎమ్మెస్సీ మాత్రం వద్దు. పరిశోధనకు అర్హత తేల్చే నెట్ పరీక్ష దగ్గర ఏదో ఒక మూల సబ్జెక్టులో పట్టు లేనివారికి కష్టమవుతుంది.

ఈ ఒక్క అంశం పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు, ఆ మాట దాచను. పీహెచ్‌డీకి ఐదేళ్లు పట్టవచ్చు. నెట్ ద్వారా ఇచ్చే పరిశోధన భృతి జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. కనుక ఆ కాలమంతా ఇంటిమీద భారం పడదు.

ఎమ్మెస్సీకి ఐఐటీలకైతే జామ్, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్ రాయాలి. దరఖాస్తులకు ముందే తన కాలేజీ అధ్యాపకుల చేత ఉత్తరం రాయించుకుని, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో గాని, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గాని కొన్ని వారాలు ప్రయోగశాలలో కూర్చునే అవకాశం అడగమనండి. ఒకే పొరను పదిసార్లు వేడిచేసి, పదిసార్లు విఫలమయ్యాక కూడా పదకొండోసారి పలక కడగడానికి విసుక్కోకపోతే, సబ్జెక్టు ఏదన్న ప్రశ్నకు ఆమే జవాబు చెబుతుంది.